ఐదో ఏడుపు

పీతలరేవులో నా పేరు ప్రసూన అని తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఊరందరికీ నేను సూదమ్మని. ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉద్యోగం. నన్ను చూడగానే పసిపిల్లలు గుక్కపెడతారు, ఆ పిల్లలే పెద్దయి తమ పిల్లల్ని చంకనేసుకుని నా దగ్గరికే వస్తారు. అన్నం తినని పిల్లలకు బూచోడి బదులు నా పేరు చెబుతారని విన్నాను. నాకేం కోపం లేదు. భయపడేవాళ్లు ఉన్నంతకాలం మనిషికి ఒక విలువ.

సూదుల్లో మనిషికి ఏడు మెట్లు అని ప్రభుత్వం లెక్క. పుట్టగానే మొదటిది. పాలు తాగే వయసులో రెండోది, అంటే ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిదో నెల. బడికి పంపేముందు ఒకటి, పదో తరగతిలో ఒకటి, ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు ఒకటి, నలభై అయిదు దాటాక ఒకటి. అరవైకి ఏడో సూది. మొదటి ఆరూ పాత సంగతులే. ఏడోదే కొత్తది, ఈ కథంతా దానిదే.

అరవై వచ్చేసరికి ఒంటికి మతిమరుపు వస్తుంది. చిన్నప్పుడు వేసిన మందులు దేనికి వేశారో మరిచిపోతుంది. అన్నీ మళ్లీ పొడిచే బదులు, ఒంట్లో నిద్రపోతున్న పాత సూదుల జ్ఞాపకాన్ని ఒక్కసారే తట్టి లేపే మందు విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలవాళ్లు కనిపెట్టారు. దాన్ని ముందుగా వేసి చూడడానికి ఎంచుకున్న ఊళ్లలో మాదొకటి. ఆ ప్రయోగం చూసుకునే డాక్టర్ తబస్సుమ్ మా కేంద్రంలోనే పక్కగదిలో యంత్రాలు పెట్టుకుని కూర్చున్నారు. నలభై ఏళ్లుంటాయి, మాట నెమ్మది, టీ మీద టీ తాగుతారు.

మొదటి రోజు తొమ్మిదిమందికి వేశాను. వేశాక అరగంట బల్ల మీద కూర్చోబెట్టాలి. పది నిమిషాలు కాగానే పడవలు కట్టే ముత్యాలు, అరవై రెండేళ్లవాడు, "అమ్మా" అని గట్టిగా అరిచి లేచి నిలబడ్డాడు.

"ఏటయింది?" అన్నాను.

"మాయమ్మ నన్ను ఎత్తుకుంది. ఎండుసేపల గంప వాసనొస్తంది. ఊరుకోరా, అయిపోనాది అంతంది." చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ గది నాలుగు మూలలూ చూశాడు. అతని తల్లి పోయి ఇరవై ఏళ్లు.

ఒక్కొక్కరికీ అదే. ఏ సూది జ్ఞాపకం లేస్తే ఆ సూది పొడిచిన నిమిషం కూడా దానితో లేచి వస్తోంది. పట్టుకున్న చెయ్యి, వాసన, గొంతు, అన్నీ. డాక్టరుగారు పరుగున వచ్చి రాసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడే మూలన కూర్చున్న ఒక మామ్మ రొమ్ము పట్టుకుని గోల పెట్టింది.

"ఓలమ్మ! నా పెద్దోడు ఏడుస్తన్నాడు! పాలకి కాదు, సూదేసినారు!"

ఆమె పెద్దోడికి నలభై దాటాయి, గాజువాకలో లారీ తోలుతాడు. ఆమె జాకెట్టు మీద రూపాయి బిళ్లంత తడి కనిపించింది. నేనే చీరకొంగు లాగి కప్పాను.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది. "బిడ్డ పాలు తాగేటప్పుడు ఎంగిలి కాస్త వెనక్కి వెళుతుంది ప్రసూనగారూ. ఆ ఎంగిలి వల్లే బిడ్డ ఒంట్లో ఏం జరుగుతోందో తల్లి ఒంటికి తెలుస్తుంది, దానికి తగ్గట్టు పాలు మారతాయి. అంటే బిడ్డకు వేసిన ప్రతి సూదీ తల్లి ఒంట్లో కూడా రాసి ఉందన్నమాట. మేమది అనుకోలేదు. ఒక్కసారి తాగినా సరిపోతుందేమో."

ఒక్కసారి తాగినా సరిపోతుందేమో. ఆ మాట నాతోపాటే ఇంటికొచ్చింది. ఎందుకో అప్పుడు నాకే తెలీలేదు, లేదా తెలియనట్టు నటించాను.

కేంద్రంలో పనిచేసేవాళ్లూ అరవై దాటితే వేయించుకోవాలని రూలు. నాకు అరవై ఒకటి. మర్నాడు డాక్టరుగారే వేశారు. మా అమ్మ వచ్చింది, కొబ్బరినూనె వాసనతో. నా కొడుకు ఏడ్చాడు, వాడి ఏడుపు చిన్నప్పుడు మేక అరిచినట్టుండేది. వాడి సూదులన్నీ వరసగా వచ్చిపోయాయి. హమ్మయ్య అనుకుని కళ్లు తెరవబోయాను.

అప్పుడు ఇంకో పిల్ల ఏడ్చింది.

ఆడపిల్ల. గొంతు సన్నం. ఏడుపు మీద ఒక పడుచుపిల్ల మాట: "ఊరుకోయే నా తల్లీ, సూదమ్మని కొట్టీద్దాం, ఊరుకో." ఏడుపు ఆగింది. రెండోది వచ్చింది, మళ్లీ అదే మాట. మూడోది. నాలుగోది. ఆ తర్వాత ఏమీ లేదు. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎన్ని గొంతులు?" డాక్టరుగారు కలం పట్టుకుని అడిగారు.

"ఒక్కటే. నా కొడుకుది," అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ పడుచు గొంతు నూకరత్నానిది.

ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి మాట. నాకు ఉద్యోగం వచ్చి ఏడాది, ఇంట్లో ఆరు నెలల కొడుకు. టీకాలు బుధవారం మాత్రమే. పని తొందరగా తెమలాలని పొద్దున్నే తల్లుల దగ్గర కార్డులన్నీ తీసుకుని, ఎవరికి ఏది వేయాలో ఆ గడుల్లో టిక్కులు ముందే పెట్టేసుకునేదాన్ని. తర్వాత తీరిగ్గా సూదులు. తప్పని తెలుసు. నాకు నేర్పిన నర్సమ్మ అలాగే చేసేది, ఆమెకు నేర్పిన ఆమె కూడా.

తట్టు మందు పొడిగా వస్తుంది. నీళ్లు కలిపి సీసా తెరిచామంటే నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబొయ్యాలి. ఒక్కో సీసా ఐదుగురికి. పారబోస్తే పైనుంచి చీవాట్లు. అందుకని ఒక్క పిల్ల కోసం ఎవరూ సీసా తెరిచేవాళ్లు కాదు. "వచ్చే బుధవారం రండి, ఇంకో నలుగురు పోగవుతారు" అనేవాళ్లం. ప్రపంచం ఎంత మారినా పీతలరేవుకి వచ్చే తట్టు సీసా మాత్రం ఈనాటికీ ఐదుగురిదే, ఆ మాటా ఈనాటికీ ఉంది.

ఆ బుధవారం నూకరత్నం అత్తగారు మనవరాలు లాస్యను తెచ్చింది. తొమ్మిదో నెల. రత్నానికి రొయ్యల కంపెనీలో షిఫ్టు. పొద్దున్నే కార్డు తీసుకుని టిక్కు పెట్టేశాను. ఎదురుచూసిన నలుగురూ రాలేదు. లాస్య ఆకలికి గుక్కపెట్టింది. డబ్బా పాలు పీల్చదు. నా రొమ్ములు బరువెక్కి నొప్పిగా ఉన్నాయి, మా వాణ్ని వదిలొచ్చి ఐదు గంటలైంది. పిల్లను తీసుకుని ఆ గదిలోనే పాలిచ్చాను. తాగి నిద్రపోయింది. విటమిన్ చుక్కలు వేశాను. సూది మాత్రం వచ్చే బుధవారం అన్నాను. టిక్కు కొట్టేస్తే కార్డు పాడవుతుంది, ఎలాగూ వారంలో వేసేస్తాను కదా అనుకున్నాను.

వచ్చే బుధవారం తుఫాను. ఆ పై బుధవారం ముసలమ్మకు కాలు బెణికింది. ఎవరికి వేయలేదో వాళ్ల పేర్లతో లిస్టు కార్డుల టిక్కులు చూసే తయారవుతుంది. లాస్యకు టిక్కు ఉంది, కాబట్టి పేరు రాలేదు. నేను మరిచిపోయాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇరవయ్యో రోజున జ్వరం, తర్వాత ఒళ్లంతా తట్టు, తర్వాత ఊపిరితిత్తులు. పిల్ల దక్కలేదు. రత్నం కార్డు తీసి చూసింది. తట్టు గడిలో టిక్కు. సూది వేసినా తట్టు వచ్చిందంటే సూదే తెచ్చిందని వీధంతా తేల్చేసింది. ముసలమ్మకు తను ఏం వేయించిందో సరిగ్గా తెలీదు, చుక్కలూ సూదీ ఆమెకు ఒకటే. ఏడాది తిరక్కుండా ఆమె కూడా పోయింది. నేను ఆ ఇంటికి వెళ్లి ఏడిస్తే రత్నం సొంత అక్కను పట్టుకున్నట్టు నన్ను పట్టుకుని ఏడ్చింది. "నువ్వేటి సేస్తావప్పా? మందే అలాటిది," అంది.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ వీధిలో పిల్లలకు సూది లేదు. రత్నం తర్వాత కన్న కొడుక్కీ లేదు. నేను గుమ్మం గుమ్మం తిరిగి బతిమాలేదాన్ని, వాళ్లు లాస్య పేరు చెప్పేవాళ్లు, నేను నోరు మూసుకుని వచ్చేసేదాన్ని.

ఏడో సూదితో పోయినవాళ్లు పలుకుతున్నారని వారం తిరక్కుండా చుట్టుపక్కల ఊళ్లన్నీ పాకింది. అరవై నిండనివాళ్లు కూడా దొంగ వయసులు చెప్పి వచ్చేవాళ్లు. ఒక ముసలాయన రెండోసారి వెయ్యమని నా కాళ్లు పట్టుకున్నాడు. రెండోసారి వేస్తే ఏమీ రాదు, ఆ తలుపు ఒక్కసారే తెరుచుకుంటుంది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు వెయ్యాలా వద్దా అన్నది నర్సు చూసి తేల్చుకోవాలని డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో, దేవుడు నా కోసమే రాయించాడనుకున్నాను.

డాక్టరుగారు పక్క ఊరు వెళ్లిన రోజున నూకరత్నం వచ్చింది. అరవై ఏళ్లు. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు పాలిపోయాయి. బల్ల మీద కూర్చుని చెయ్యి చాపింది.

"ఎయ్యప్పా."

"నువ్వా? సూది పేరెత్తితేనే తలుపేసేదానివి."

"ఈ సూదికి తలుపు తీసినాను." నవ్వలేదు. "పక్కూరికి తట్టు వొచ్చింది గాదా. నా కొడుకు బయపడతన్నాడు, పిల్లకి ఏయించీద్దాం అంతన్నాడు. మనవరాలికి తొమ్మిదో నెల. నాను వొద్దన్నాను. మల్లీ మనసొప్పలేదు. నా లాస్యకి ఐదో సూదేసిన్నాడు నాను కంపెనీలో ఉన్నాను. ఆయేల ఏటయిందో నానెరగను. పిల్లెలా ఏడిసిందో ఎరగను. ఆ ఏడుపు ఇంటాను. ఆ మందే నా పిల్లని తినీసిందంటే నాకు తెలిసిపోద్ది. అప్పుడు మనవరాలి సంగతి సెప్తాను."

"రత్నం, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లకి ఇది మంచిది కాదు. తట్టుకోలేవు. కాగితంలో కూడా రాశారు."

"ముప్పై ఎనిమిదేళ్లు తట్టుకున్నాను. అరగంటకేటి?"

సరేనని లోపలికి వెళ్లాను. ఐసు పెట్టెలో ఏడో సూది మందు ఉంది. పక్కన ఉప్పునీళ్ల సీసా ఉంది. రెండూ నీళ్లలాగే ఉంటాయి. నా చెయ్యి ఉప్పునీళ్ల సీసా తీసింది. సిరంజిలోకి ఎక్కించాను కూడా. వేసి, అరగంట కూర్చోబెట్టి, "అందరికీ రావులే రత్నం" అంటే అయిపోతుంది. గడిలో టిక్కు పెడతాను. నాకు టిక్కులు పెట్టడం కొత్త కాదు.

బయటికి వచ్చేసరికి రత్నం కొంగు ముడి విప్పి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పాత కార్డు. అట్ట పసుపురంగు తిరిగింది, మడత దగ్గర దారంతో కుట్టి ఉంది. పుట్టినప్పటి గడిలో టిక్కు, ఆరు వారాలకు, పదికి, పద్నాలుగుకు, తొమ్మిదో నెలకు టిక్కు. అన్నీ నా చేతి టిక్కులే. చివర కొంచెం పైకి లాగుతాను, ఇప్పటికీ అలాగే లాగుతాను.

"దీన్ని సూసుకుంటా లెక్కెట్టుకుంతాను," అంది. "నీ సేతి మీదే ఏయించుకోవాలని ఆగినాను. డాక్టరమ్మ ఏస్తానన్నా వొద్దన్నాను. నీకు తెలుసు గాదా నా పిల్ల."

లోపలికి వెళ్లి సిరంజిలో ఉప్పునీళ్లు సింకులో చిమ్మేశాను. కొత్త సిరంజి తీసి అసలు మందు ఎక్కించాను. వేశాను. వేశాకే ఆమె ఏడో సూది కార్డులో టిక్కు పెట్టాను.

ఆమె పక్కన కూర్చున్నాను. ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. బయట ఎవరో వల బాగుచేసుకుంటూ దగ్గుతున్నారు. పది నిమిషాలకు రత్నం తల వంచింది. "మాయమ్మ," అంది. తర్వాత ఒక్కసారిగా రొమ్ము అదిమి పట్టుకుంది.

"వొచ్చినాది."

కుడిచెయ్యి చిటికెనవేలు మడిచింది. "పుట్టిన్నాడు." మొహంలో ఎప్పుడూ చూడని వెలుగు. పెదాలు కదులుతున్నాయి, ఊరుకోయే నా తల్లీ అని తనతోపాటు తనే అంటోంది. ఉంగరంవేలు మడిచింది. నడిమివేలు. చూపుడువేలు. నాలుగూ మడిచి, బొటనవేలు నిలబెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంది. ఐదోదాని కోసం ఊపిరి బిగబట్టింది.

ఆమె ఎదురుచూస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. జీవితంలో అంత పొడుగు నిమిషాలు నేనెరగను. ఆ పిల్ల ఒక్కసారి ఏడిస్తే బాగుండునని, నేను నిజంగా వేసి మరిచిపోయి ఉంటే బాగుండునని పిచ్చిదానిలా మొక్కుకున్నాను.

"ఏదప్పా?" అంది కళ్లు తెరవకుండానే. "నాలుగే. ఐదోది రానేదు. ఇంకో రెండు నిమిషాలకి వొస్తాదా?"

తర్వాత తన కొడుకు ఏడుపు కోసం ఆగింది. అదీ రాలేదు, వాడికి ఒక్క సూదీ లేదు కాబట్టి. అప్పుడు కళ్లు తెరిచింది. కార్డు చూసింది. ఐదో టిక్కు మీద వేలు పెట్టింది. తర్వాత నన్ను చూసింది.

"వేయలేదు రత్నం," అన్నాను. "టిక్కు ముందే పెట్టేశాను. ఒక్క పిల్లే ఉందని సీసా తెరవలేదు. మళ్లీ రమ్మన్నాను. మళ్లీ రాలేదు, నేను మరిచిపోయాను. మందు తప్పేం లేదు. తప్పు నాది."

ఆమె అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఏసుంటే బతికీదా?"

"బతికేదేమో. చాలామంది బతుకుతారు."

"పిల్ల సచ్చిపోతే మందుని తిట్టినాను," అంది మెల్లిగా. "కంపెనీకెల్లినానని నన్ను నాను తిట్టుకున్నాను. మాయత్తని తిట్టినాను, ఆ దిగులుతోనే అది సచ్చింది. నిన్ను మాత్రం ఒక్క మాటనలేదు."

ఆమె వేలు ఇంకా ఆ టిక్కు మీదే ఉంది.

"ఆయేల ఏడిసిందా?"

"ఆకలికి ఏడ్చింది. నేనే పాలిచ్చాను. తాగి నా ఒళ్లోనే పడుకుంది." ఆగలేక మిగతాదీ చెప్పేశాను. "నా ఒంట్లోనూ ఉంది రత్నం. ఆ నాలుగు ఏడుపులూ నేను విన్నాను. నువ్వు ఊరుకోబెట్టడం కూడా విన్నాను. సూదమ్మని కొట్టీద్దాం అనేదానివి."

ఆ మాటకు ఆమె మొహం ముడుచుకుపోయింది. కార్డు కవర్లో పెట్టి కొంగున ముడివేసుకుంది. అరగంట కాకుండానే లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం డాక్టరుగారు రాగానే అంతా కాగితం మీద రాసిచ్చాను, రెండో గొంతు సంగతి కూడా. ఆవిడ రెండుసార్లు చదివి, అద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "ఈ మందు ఆపేద్దామా అని ఆలోచిస్తున్నాను," అన్నారు. "జబ్బులు గుర్తుచెయ్యడానికి చేశాం. మనుషుల్ని ఇలా లేపుతుందని తెలిస్తే చేసేదాన్ని కాదేమో." కాగితం పైకి పంపారు. ఎంక్వైరీ వేశారు. అది తేలేదాకా పని చెయ్యమన్నారు, పీతలరేవుకి రావడానికి వేరే నర్సు ఎవరూ ఒప్పుకోలేదు. నాకు శిక్ష ఇంకా రాలేదు, పని మిగిలింది.

బుధవారం వచ్చింది. పదకొండు దాటినా ఎవరూ లేరు. ఖాళీ బల్ల మీద ఎండ. నేను కార్డుల పెట్టె తెరవకుండా కూర్చున్నాను. వీధిలో నా సంగతి తెలిసిపోయిందని, ఇంకెవరూ రారని అనుకున్నాను.

నూకరత్నం గుమ్మంలో నిలబడింది. చంకలో మనవరాలు. ఎర్ర గౌను, నోట్లో చెయ్యి. రత్నం లోపలికి రాలేదు. నా కళ్లలోకి చూస్తూ అడిగింది.

"ఒక్క పిల్లే ఉంది. సీసా తీస్తావా, వొచ్చే బుదారం రమ్మంతావా?"

తీశాను. ఆమె ముందే, ఆమెకు కనబడేలా, మూత పీకి నీళ్లు కలిపాను. సీసా ఎండకు ఎత్తి చూపించాను. మిగిలిన నలుగురి మందు సాయంత్రానికి పారబొయ్యాలి, నాకు పట్టలేదు. రత్నం బల్ల మీద కూర్చుని పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేశాను.

పిల్ల ఒక క్షణం ఆగి, నోరంతా తెరిచి, ఊరు ఎగిరిపోయేలా ఏడ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ల అలవాటు, నా చెయ్యి దాని బుగ్గ మీదికి వెళ్లింది, ఊరుకో ఊరుకో అని నోరు దానంతటదే అంది. రత్నం నా చెయ్యి తోసేసింది.

"ఊరుకోబెట్టకు," అంది. "ఇది నా లాస్య ఏడుపు కాదు, నాకు తెలుసు. అయినా ఏడవనీ."

తలుపు తెరిచే ఉంది. వీధిలో జనం ఆగి చూస్తున్నారు. పిల్ల ఏడుస్తూనే ఉంది, మేమిద్దరం కదలకుండా కూర్చుని విన్నాం.